మా రోడ్డు మధ్యలోంచి పోయిన గీత

మొన్న శనివారం తలుపు సందులోంచి ఓ కాగితం లోపలికి పడింది. కొత్తగా సరిచేసిన మా నియోజకవర్గం పటం. మా అమ్మాయి దాన్ని నేలమీద పరిచి, మా రోడ్డు వెతికి, "వీ ఆర్ గ్రాండ్, డాడ్. బోత్ సైడ్స్ ఆర్ ఇన్" అంది, అంటే ఫరవాలేదు, రోడ్డు రెండు వైపులా ఒకే నియోజకవర్గంలో ఉన్నాయని. తెలుగంతా అర్థమవుతుంది ఆ పిల్లకి. జవాబు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులోనే వస్తుంది. దానికి ఆరేళ్లప్పుడు మా ఎదురింట్లో ఉన్న పెద్దాయన గుర్తొచ్చాడు.

ఇక్కడ ఐర్లండ్‌లో, టాలట్ అనే ఊళ్లో మేం ఇల్లు కొన్న కొత్త. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై ఒక్కడే ఉండేవాడు. ఆయన వైపే, రోడ్డు చివర బడి. ఓ పొద్దున రోడ్డు దాటుతుంటే ఓ కారు అద్దం మా అమ్మాయి సంచిని రాసుకుంటూ పోయింది. ఆ మర్నాడే ఆయనా నేనూ కలిసి ఇంటింటికీ తిరిగి, బడి ముందు జీబ్రా క్రాసింగ్ కావాలని సంతకాలు సేకరించాం. మా టీడీ, అంటే ఇక్కడి ఎంపీ, తప్పకుండా చేయిస్తానన్నాడు.

ఇంతలో జనాభా పెరిగిందని, జనాన్ని అభిప్రాయాలు రాసి పంపమని, నియోజకవర్గాల హద్దులు మార్చారు. కొత్త గీత సరిగ్గా మా రోడ్డు మధ్యలోంచి పోయింది. మా వైపు ఇళ్లు పక్క నియోజకవర్గంలో పడ్డాయి. పాత టీడీ ఆఫీసు వాళ్లు, ఇక మీ కొత్త టీడీని అడగండని మర్యాదగా రాశారు. కొత్తాయన, బడి నా హద్దులో లేదన్నాడు. ఓటర్ల జాబితాలో పేర్లు గల్లంతవడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. గీత దానంతటది జరిగిందంటే ఎలా నమ్మను? పైగా మా వైపు నాలుగు ఇండియన్ ఇళ్లు, ఆయన వైపు ఒక్కటీ లేదు. హద్దులు మారడానికి ముందు ఆయన నోటుపుస్తకం పట్టుకుని మా ఇళ్ల నంబర్లు రాసుకోవడం కళ్లారా చూశాను.

పక్క ఎస్టేట్‌లో, అంటే మమ్మల్ని కలిపిన నియోజకవర్గంలోని కాలనీలో, ఉండే మా బావమరిదికైతే అది అనుమానం కాదు, ఖాయం. "గా ముసలాయనే రాసిండు బావా, మనల్ని అటు నూకుమని" అన్నాడు. నేను ఆయనకు చెయ్యి ఊపడం మానేశాను. ఆయనా మానేశాడు, అదీ నాకు సాక్ష్యంగానే కనిపించింది. ఆయన లోపలికి వెళ్లేదాకా ఆగి చెత్తడబ్బా బయట పెట్టేవాణ్ణి. ఆయన్నే అడగొచ్చు కదా అని మా ఆవిడ ఎన్నిసార్లు అన్నా నేను కదల్లేదు.

అలా ఏడాది గడిచింది. హద్దుల గురించి జనం రాసిన ఉత్తరాలన్నీ ఇంటర్‌నెట్‌లో పెట్టారని మా బావమరిది కనిపెట్టాడు. పెద్దాయన్ని పట్టుకోవాలనే ఇద్దరం కూర్చుని వెతికాం. ఆయన ఉత్తరం దొరికింది. "ఈ రోడ్డును చీల్చకండి. రెండు వైపుల పిల్లలూ దాటేది ఒకేచోట. ఎదురింటి చిన్నపిల్లను కారు రాసుకుపోవడం నా కిటికీలోంచి చూశాను" అని రాశాడు. కింద ఇంటి నంబర్లు, ఒక్కో ఇంట్లో పిల్లలెందరో. మా బావమరిది ల్యాప్‌టాప్ మూసి, చెప్పులు వేసుకున్నాడు.

మర్నాడు వెళ్లి తలుపు తట్టాను. ఆయన సగమే తీశాడు. అంతా చెప్పేశాను. "మీ వైపును అటు కలపమని నువ్వే రాశావనుకున్నాను. మీ బావమరిది అటే కదా ఉండేది. ఆయన ఉన్న నియోజకవర్గంలోకే వస్తానని అడిగావేమో అనుకున్నా" అన్నాడు. నవ్వాలో తల దించుకోవాలో తెలియలేదు. ఆయన తలుపు పూర్తిగా తీసి, టీకి కెటిల్ పెట్టాడు.

ఆ వారమే సంతకాల కాగితాలతో రెండు ఆఫీసులకూ ఇద్దరం కలిసే వెళ్లాం. రెండు వైపుల మనుషులూ ఎదురుగా కూర్చుంటే, అటు వెళ్లండని ఎవరూ అనలేకపోయారు. వసంతానికి బడి ముందు తెల్లచారలు పడ్డాయి. తర్వాత కొన్నాళ్లకే ఆయన ఇల్లమ్మి, ట్రాలీ అనే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన్ను అనుమానించింది ఏడాది. తర్వాత ఆయనతో గడిపింది ఆరు నెలలు. మనిషిని అనుమానించే రోజుల్లో, కాలం ఎటూ పోదనే అనుకుంటాం.