అయస్కాంతం గదిలో బీడీ ముడి

మొగుడు పోయాక నాకు పరువొక్కటే మిగిలిందనుకునేదాన్ని. అదీ పట్నం పెద్దాసుపత్రిలో, నా కాలి బొటనవేలి దగ్గర పోయింది. ఎట్లా పోయిందో చెబుతాను, నవ్వండి, నాకేం కోపం రాదు.

తెలంగాణ ఇంకా రాలేదప్పుడు. కడుపు నొప్పని పోతే కామారెడ్డి డాక్టరు కార్జంలో, అదే లివర్లో, గడ్డ ఉందన్నాడు. మంచిదో చెడ్డదో పట్నంలో పెద్ద స్కానింగు చేస్తేనే తెలుస్తుందట. లింగంపేటలో నా పక్కన కూర్చుని బీడీలు చుట్టే షమీమ్ తోడొచ్చింది. దారంతా నేను నా చావు గురించి చెబుతుంటే, అది పల్లీలు నములుతూ ఊఁ కొట్టింది.

మందెక్కించే ముందు స్కానింగు సారు ఓపిగ్గా చెప్పాడు. "అవ్వా, ఈ మందుల ఇనుము ఉంటది. పిండికన్న సన్నం, కంటికి కనపడదు. మంచి కార్జం దాన్ని తాగుతది, చెడ్డ గడ్డ తాగదు. మిషనేమో పెద్ద అయస్కాంతం. ఏది తాగిందో, ఏది తాగలేదో చూపిస్తది."

ఇనుము, అయస్కాంతం. నా చెవిన పడ్డవి ఆ రెండే. ఎల్లారెడ్డి బజారులో పాత సామాను కొనేవాడు అయస్కాంతానికి తాడు కట్టి మట్టిలో ఈడిస్తే మేకులు ఎగిరి అతుక్కునేవి. ఇంకేముంది, నేనూ ఆ మిషన్ కప్పుకు బల్లిలా అతుక్కుంటాను, షమీమ్ కర్రతో పొడిచి దింపాలి!

పుస్తెలు లేని మెడ కూడా వెతికారు, పిన్నీసులన్నీ తీయించారు. పిడికిట్లో దాచిన బీడీ దారం ఉండను మాత్రం ఎవరూ అడగలేదు. సారు అటు తిరగగానే, దుప్పటి సర్దుకుంటున్నట్టు వంగి, బొటనవేలిని బల్ల అంచున ఉన్న కొక్కేనికి కట్టేశాను. బీడీ కాలి బూడిదైనా ఊడని ముడి అది.

మిషన్ లోపల డబడబా ఒకటే దరువు. నేను మాత్రం ఎగరలేదు. అంతా నా ముడి మహిమేనని మురిసిపోయాను.

బల్ల బయటికొచ్చాక సారు దిగమన్నాడు. నేను దిగాను గానీ వేలు రాలేదు. ఆయన దుప్పటి ఎత్తి చూశాడు.

"ఇదేందవ్వా?"

"ఎగిరిపోతనేమోనని కట్టుకున్న బిడ్డా."

నర్సమ్మ కత్తెరకు పోబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు. ఆ గదిలోకి కత్తెర తెస్తే, నిజంగా ఎగిరేది అదేనట. నర్సమ్మ గోళ్లు ఓడాయి, నా గోళ్లూ ఓడాయి. చివరికి అంత చదివిన మనిషి నా కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దారాన్ని పళ్లతో కొరికాడు.

"వద్దు బిడ్డా, నాకు పాపం తగుల్తది."

"కదలకవ్వా, వేలు కొరుకుత."

సాయంత్రం డాక్టరమ్మ పిలిచింది. కార్జం తాగినట్టే గడ్డ కూడా ఇనుము తాగిందట, అది చెడ్డది కాదట, కోసే పనే లేదట. నేను కూలబడి ఏడుస్తుంటే షమీమ్ నా వీపు నిమిరింది.

"నీ గడ్డ గదా అక్కా, పైసల్లేకుండ ఇస్తే ఇనుమైనా వదుల్తదా?"

ఆ సారుకూ, కంటికి కనపడని ఆ ఇనుముకూ ఈనాటికీ పొద్దున్నే దండం పెట్టుకుంటాను. మళ్లీ ఏ మిషన్లో పెట్టినా కట్టుకోనని ఒట్టు. ఎగిరితే ఎగురుతాను గానీ, చదువుకున్న మనిషి చేత నా కాలు కొరికించను.