గొంతు మొదలయ్యే చోట

మా ఆయన పరుపుల షాపులో సేల్స్‌మన్. ఆ మాట ఆయన ముందు అనకూడదు. ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే "కొత్త సంగీతం వెతుకుతుంటాను" అంటారు, అదేదో అడవుల్లో మూలికలు వెతికే పనైనట్టు. పరుపులు అమ్మడం ఆయన లెక్కలో పొట్టకూటి వేషం. నేను అదే షాపులో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంటాను కాబట్టి వేషం ఎంతసేపు వేస్తారో, వెతుకులాట ఎంతసేపు సాగుతుందో నాకు తెలుసు.

వెతుకులాటకు శుక్రవారం పొద్దున ముహూర్తం. లోకంలో పాడేవాళ్ళందరూ కూడబలుక్కుని శుక్రవారమే పాటలు విడుదల చేస్తారట. పెద్ద కంపెనీల అండ ఉన్నవాళ్ళంటే ఈయనకు గిట్టదు. వంటింట్లోనో మెట్ల కిందో సొంతంగా రికార్డు చేసుకుని, తమంతట తామే నెట్‌లో పెట్టుకున్నవాళ్ళే కావాలి. ర్యాప్ అయినా సరే, జాజ్ అయినా సరే, గిటారు చితక్కొడుతూ అరిచే మెటల్ అయినా సరే, ఎవరో ముసలాయన గుమ్మంలో కూర్చుని పాడుకున్న జానపదమైనా సరే. షరతల్లా ఒకటే, ఇంకెవరూ విని ఉండకూడదు. ఈయన మెచ్చిన పాట వారం తిరక్కుండా మా మరిది ఫోన్‌లో మోగిందా, ఇక అంతే సంగతులు. "వాడు అమ్ముడుపోయాడు" అని మొహం చిట్లించి ఫోన్‌లోంచి పీకేస్తారు. ఆ పాడినవాడికి పాపం, తను అమ్ముడుపోయిన సంగతే తెలియదు.

పాట చివరిదాకా వినడం మాత్రం ఆయనకు అలవాటు లేదు. "మొదలు వింటే చాలే, మనిషి తెలిసిపోతాడు" అంటారు. పళ్ళు తోముకోవడం అయ్యేలోపు ముగ్గురు గాయకులను ఆకాశానికెత్తి, ఇద్దరిని పాతాళానికి తొక్కేస్తారు. సాయంత్రం "ఈ వారం నా చెవికి చిక్కినవి" అని నెట్‌లో వ్యాసం రాస్తారు. ఒకదాని గురించి "ఈ దుఃఖానికి మూలలున్నాయి" అని రాశారు. మూలలేమిటండీ అని అడిగితే, నీకర్థం కాదులే అన్నారు. ఆయనకు అర్థమైందని నేను ఇప్పటికీ నమ్మడం లేదు.

షాపులో స్పీకరు కూడా ఆయన అధీనంలోనే ఉంటుంది. పరుపుల షాపంటే మీకు తెలియనిదేముంది? జనం చెప్పులు విడిచి, మొహమాటపడుతూ పరుపు మీద నడుం వాల్చి, పైకప్పు చూస్తూ ఆలోచిస్తారు. ఆ సమయంలో వాళ్ళకేం వినిపిస్తోందనేది ముఖ్యం. ఒకరోజు మా ఆయన కొత్తగా పట్టుకొచ్చిన మెటల్ పాట పెట్టారు. స్ప్రింగు పరుపు మీద పడుకున్న పెద్దావిడ ఎగిరి కూర్చుని, ఇల్లు కూలిందనుకుని కోడలి పేరు పెట్టి కేకలేసింది. ఓనరు బయటికొచ్చి చేతులు జోడించాడు.

"నాయనా, మనం అమ్మేది పరుపులు. నిద్రొచ్చే పాటలు పెట్టు. పారిపోయే పాటలు కాదు."

మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు ఆయనకు "తడిగోడ" దొరికింది.

తడిగోడ ఒక అమ్మాయి. అది ఆమె పెట్టుకున్న పేరు. వేరే ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులో పని. అద్దాలు అరగదీసే మిషను హోరును, మిద్దె మీది ట్యాంకు నుంచి కారే నీటిచుక్కల చప్పుడును కలిపి "నిలవనీరు" అని ఒక పొడవాటి పాట చేసింది. పాటంటే మాటలుండవు. సన్నటి హోరు, ఉండుండి ఒక చుక్క, మళ్ళీ హోరు. మా ఆయన దాని మీద పేజీడు రాశారు. "చివరి శ్వాస దాకా వెంటాడే రచన" అన్నారు. మర్నాడు షాపులో పెట్టారు.

ఏం చెప్పమంటారు! పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే గుర్రుపెట్టారు. లేచాక "ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో" అని ఆ పరుపే కట్టించుకుని వెళ్ళారు. నాకు బిల్లులు కొట్టి కొట్టి వేళ్ళు నొప్పి పుట్టాయి. ఓనరు మా ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ పాట ఆఖర్న, హోరంతా ఆగిపోయి, ఆ అమ్మాయి గొంతెత్తి పాడుతుంది. తొలి మాటకే పడుకున్నవాళ్ళు కళ్ళు తెరిచి, టైము చూసుకుని, చెప్పులు వెతుక్కునేవారు.

"ఆ పిల్ల నోరు తెరిచేలోపు వెనక్కి తిప్పెయ్యవయ్యా" అన్నాడు ఓనరు.

ఒకరి పాటలో అక్షరం కోసినా కోసినవాడి చేతులు విరగ్గొట్టాలని మా ఆయన ఇంట్లో ఉపన్యాసాలిస్తుంటారు. ఆ రోజు సరేనని తలూపారు. గొంతు మొదలయ్యే క్షణానికి బొటనవేలితో పాటను మళ్ళీ మొదటికి తిప్పేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. చేతులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి నుంచి ఈయనకు సందేశం వచ్చింది. మీరు రాసింది చదివాను, మీ ఊళ్ళో నా పాట తెగ వింటున్నారని నెట్‌లో లెక్క చూపిస్తోంది, ఎవరు వాళ్ళు అని. ఈయన "ఇక్కడ నేనొక శ్రోతల బృందాన్ని తయారుచేశాను" అని జవాబిచ్చారు. బృందం! మా షాపులో ఫోమ్ పరుపులు, దూది పరుపులు, దిండ్లు తప్ప ఇంకే బృందమూ లేదు.

ఒకరోజు పొద్దున్నే ఆ అమ్మాయి ఈయన ఇచ్చిన అడ్రసు పట్టుకుని, బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. బక్కపల్చటి పిల్ల. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందన్నమాటే గానీ తన కళ్ళజోడే ఒక పక్కకు ఒరిగి ఉంది. నేను టీ ఇచ్చాను. ఒక్క గుక్క తాగి ఫోను తీసి మా ఆయన ముందు పెట్టింది. పాటను జనం ఎంతదాకా విన్నారో చూపించే గీతట, అందులో సాఫీగా వెళ్ళి వెళ్ళి, ఒక్కచోట నిట్టనిలువునా పడిపోయింది.

"అన్నయ్యా, ఇది చూడండి. ఇంకే ఊళ్ళోనూ నన్ను వినేవాళ్ళు లేరు. ఇక్కడేమో రోజంతా వింటున్నారు. కానీ అందరూ ఒక్కచోటే ఆపేస్తున్నారు. సరిగ్గా నేను పాడటం మొదలుపెట్టే చోట."

మా ఆయన ఫోను వైపు చూసి, గోడ వైపు చూశారు.

"నా గొంతు అంత బాగోలేదా? మొహమాటపడకుండా చెప్పండి. ఫోన్‌లో అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు, అందుకే వచ్చాను. ఇంకోటి మొదలుపెట్టాను. అందులో పాడాలా, పాడటం మానేయాలా తేల్చుకోవాలి. పాడొద్దని మా అమ్మ ముందునుంచీ మొత్తుకుంటూనే ఉంది."

ఇప్పుడైనా నిజం చెబుతారేమోనని నేను వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, శ్రోత ఒక నిశ్శబ్దంలోకి దిగుతాడు. గొంతు వాణ్ణి బయటికి లాగేస్తుంది. నీ బలమంతా మౌనంలో ఉంది."

"అంటే పాడొద్దంటారు."

"నేననడం లేదు. శ్రోతలంటున్నారు."

ఆ పిల్ల తల దించుకుని, సరేనన్నట్టు ఊపింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బృందానికి పెద్దననిపించుకోవడం కోసం ఒక ఆడపిల్ల నోరు నొక్కేస్తాడా ఈ మనిషి!

"ఏ శ్రోతలండీ?" అన్నాను.

"ఏమే, నువ్వు లోపలికెళ్ళు."

"వెళ్ళను. అమ్మాయ్, మా ఊళ్ళో నిన్ను వినేవాళ్ళెవరూ లేరు. మేం పరుపులు అమ్ముకుంటాం. నీ పాట పెడితే జనానికి నిద్రొస్తుంది. నువ్వు నోరు తెరిస్తే మెలకువొస్తుంది. అందుకని నువ్వు నోరు తెరిచేలోపే ఈయన మొదటికి తిప్పేస్తారు. నీ గీత విరిగిందే, అక్కడున్నది మా ఆయన బొటనవేలు."

పిల్ల ఏడుస్తుందని భయపడ్డాను. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని నన్నే చూసింది.

"నిజంగా లేస్తారా వదినా?"

"ఎవరు?"

"పడుకున్నవాళ్ళు. నేను పాడితే."

"లేవడమేంటి, చెప్పులు వెతుక్కుంటారు!"

"నాకు చూపిస్తారా?"

ముగ్గురం షాపుకు వెళ్ళాం. మూలనున్న స్ప్రింగు పరుపు మీద అప్పటికే ఒక భారీ మనిషి పడుకుని ఉన్నాడు. ఆయన భార్య దిండ్లు నొక్కి చూసుకుంటోంది. నిలవనీరు పెట్టాం. కాసేపటికి ఆయన గురక చుక్కల చప్పుడుతో తాళం కలిపింది. గొంతు మొదలయ్యే సమయానికి మా ఆయన బొటనవేలు అలవాటుగా లేచింది. నేను ఫోను లాక్కుని గల్లాపెట్టెలో పడేసి మూత వేశాను.

హోరు ఆగింది. ఆ అమ్మాయి పాడింది. సాధన చేసిన గొంతు కాదు. ఒకచోట శ్రుతి కాస్త జారింది కూడా. ఇంట్లో అందరూ బయటికెళ్ళాక గిన్నెలు తోముకుంటూ మనలో మనం పాడుకుంటామే, అలాంటి గొంతు. పరుపు మీది మనిషి కళ్ళు తెరిచాడు. లేచి కూర్చుని, మూతి తుడుచుకుని, "ఎవరమ్మా ఆ పాడేది?" అని అడిగాడు. పాట అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత చెప్పులేసుకుని, పెళ్ళాన్ని పిలుచుకుని, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

ఓనరు మొహం మాడిపోయింది. ఆ అమ్మాయి మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"లేచాడు వదినా! లేచి విన్నాడు!"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నా కళ్ళూ చెమర్చాయి, దాచుకోవడమెందుకు? మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, నెమ్మదిగా అడిగారు.

"ఆఖర్న అలా ఉంటుందా?"

చివరి శ్వాస దాకా వెంటాడుతుందని రాసిన పెద్దమనిషి అడిగిన ప్రశ్న అది.

మొన్న శుక్రవారం తడిగోడ కొత్త పాట వచ్చింది. ఈసారి గొంతు మొదటి క్షణంలోనే మొదలవుతుంది, కోయడానికి ఎవరికీ చోటివ్వకుండా. మా మరిది ఫోన్‌లోనూ మోగుతోంది. మా ఆయన పళ్ళు తోముకుంటూ కాస్త విని, ఉమ్మేసి, పెదవి విరిచారు.

"అమ్ముడుపోయింది. ఆ పాత లోతు లేదు."

"ఏ లోతండీ? మీరు రోజూ కోసేసిందా?"

ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, గంభీరంగా తలూపసాగారు. హెడ్‌ఫోన్ల వైరు కొస ఫోనుకు తగిలించనే లేదు, మోకాలి దగ్గర వేలాడుతోంది. నేను చెప్పలేదు. నా ఫోన్‌లో ఆ అమ్మాయి పాట ఇంకా సగంలోనే ఉంది.