గ్రహణంలో తీగ కోసిన అమ్మ

మొన్న సూర్యగ్రహణం నాడు నెలలు నిండిన మా కోడలు ఫోను చూసుకుంటూ తాపీగా మామిడికాయ ముక్కలు కోసుకు తింటుంటే, నాకు తెలియకుండానే నా చెయ్యి దవడ మీదికి పోయింది. వద్దమ్మా అనబోయి, పక్కనే కుర్చీ లాక్కుని కూచున్నాను.

నేను గ్రహణం మొర్రితో పుట్టాను. కడుపుతో ఉండగా గ్రహణంలో కత్తిపీట ముట్టుకుందని నాన్నమ్మ అమ్మ మీద నేరం మోపింది, నాన్న నమ్మాడు. మన ఈడు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో మగాడి చేతికి అడ్డెవరు? తిరువూరు వీధిలో ఎవడు నా మూతిని వెక్కిరించినా ఆ పూట ఎద్దుల చెర్నాకోల అమ్మ వీపు మీద పడేది. చిన్నప్పుడే పెదవి కుట్టించారు గానీ, పై దవడ ఎదక్క మొహం మధ్యలో నొక్కేసినట్టు ఉండిపోయింది.

డెబ్భైల్లో, నా ఇరవై రెండో ఏట, మద్రాసులో ఓ పెద్దాసుపత్రిలో ఆ దవడని ఉలితో విడగొట్టి, ముందుకు జరిపి, తుంటి ఎముక ముక్కలు సందులో పెట్టి, పై పళ్లనీ కింది పళ్లనీ తీగలతో కలిపి బిగించారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. వాంతి వస్తే మాత్రం ఊపిరాడక పోతాడు, క్షణం ఆగకుండా తీగలు కత్తిరించెయ్యమని డాక్టరుగారు ఓ కటింగ్ ప్లయరు అమ్మ చేతికిచ్చారు. అమ్మ దాన్ని తాడు కట్టి మెళ్లో వేసుకుని తిరిగేది.

ఇంటికొచ్చేశాక, మూడో వారంలో, మండుటెండ వేళ, గ్రహణం పట్టింది. అంతకుముందు తాగిన జావ కడుపులో తిరిగి, పైకి తన్నుకొచ్చి, బిగించిన పళ్ల వెనక ఆగిపోయింది. గాలి అందక నేను నేల మీద కాళ్లు కొట్టుకుంటుంటే అమ్మ ప్లయరు తీసింది. గ్రహణం విడిచేదాకా ఇనుము ముట్టకూడదు, అప్పుడు చేసింది చాలలేదా అంటూ నాన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. నాన్న అమ్మ జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు.

అన్నేళ్లు పల్లెత్తు మాట అనని మనిషి, నాన్నమ్మ పట్టు విదిలించుకుని, ఆ ప్లయరుతోనే నాన్న మణికట్టు మీద ఒక్కటేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"అప్పుడు నేనేమీ కొయ్యలేదత్తయ్యా, అయినా తన్నులు తిన్నాను. ఇప్పుడు కోస్తున్నాను, చూడండి."

నా తల ఒళ్లోకి లాక్కుని పక్కకి తిప్పి, ఒక్కో తీగా కత్తిరించింది. పగిలిన అమ్మ తలలోంచి నెత్తురు నా మొహం మీద పడుతూనే ఉంది.

మర్నాడు విజయవాడలో మళ్లీ బిగించారు గానీ దవడ కాస్త వంకరగానే అతుక్కుంది. నాన్న మళ్లీ అమ్మ మీద చెయ్యెత్తలేదు. బుద్ధి వచ్చి కాదు, భయపడి.

కోడలు ఓ ముక్క నాకూ ఇచ్చింది, ఈ వంకర దవడతోనే నమిలాను. అంత పని చేసిన అమ్మ కూడా బతికున్నన్నాళ్లూ ఏ గ్రహణం నాడూ కత్తిపీట దగ్గరికి పోలేదు. మా ఇంట్లోంచి ఆ భయం పోయేనాటికి అమ్మ లేదు.