నాలుగో హోటల్లో మా బావ ముక్కు

మా బావ ఒకసారి సముద్రపొడ్డున ఉన్న మూడంతస్తుల హోటలు గాల్లోకి లేచిపోకుండా గడ్డం బ్రష్షుతో ఆపాడు. సరే, మూడు కాదు, రెండంతస్తులే. రెండోదీ సగమే కట్టారు. నిజంగా లేచిపోయేదా అంటే ఒట్టేసి చెప్పలేను. గడ్డం బ్రష్షు మాత్రం ఉన్నదే. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. ఏ కథలోనైనా ఒక్క నిజమన్నా ఉండాలని సిస్టరమ్మలు స్కేలుతో వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పారు.

బావంటే మా అక్క భర్త. గ్యాస్ కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి లీకులు పట్టాడు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఎడమ పొయ్యి, గొట్టం దగ్గర" అనేవాడట. తోటివాళ్ళు ముక్కు మాస్టారని పిలిచేవాళ్ళు. ఎప్పుడు ఎవరింటి నుంచి కబురొస్తుందోనని ఆయన ఊరు కదిలేవాడు కాదు, అక్కని కదలనిచ్చేవాడూ కాదు. అందుకే రిటైరయ్యాక తొమ్మిది రోజులు సముద్రం దగ్గర ఉండి తీరాలని అక్క పట్టుబట్టింది. సంచులు మొయ్యడానికి నన్ను వెంటబెట్టుకుంది.

మొదటి హోటల్లో కాళ్ళు కడుక్కోకముందే బావ, "గ్యాస్ వాసనొస్తోంది, పదండి" అన్నాడు. ఖాళీ చేసి వచ్చేశాం. అక్కడ కట్టెల పొయ్యి మీదే వండుతారని దారిలో తెలిసింది. రెండో హోటల్లో మంచాల కింద దూరి వెతికాడు. మాకు ఏ వాసనా తగల్లేదు, అయినా మారాం. మూడోదాంట్లో అక్క చేప ముక్క నోటిదాకా తెచ్చుకున్నాక లేపాడు. పాపం, అక్క ఆ ముక్కని రోడ్డు మీద నిలబడి తింది.

నాలుగో హోటలు మెట్ల మీద అక్క ఆగిపోయింది.

"ఏమండీ, ఇక్కడ గనక వాసన అన్న మాట మీ నోట్లోంచి వచ్చిందా, నేను బస్సెక్కి ఇంటికెళ్ళిపోతాను. మిగిలిన ఆరు రోజులూ మీరూ మీ బావమరిదీ ఒకళ్ళనొకళ్ళు వాసన చూసుకుంటూ కూర్చోండి."

"మధ్యలో నేనేం చేశానక్కా?"

"ఆయన లేవమనకముందే సంచులు సర్దుతున్నావు చూడు, అదీ నువ్వు చేసింది!"

బావ మాటివ్వక తప్పలేదు. తలైతే ఊపాడు గానీ, ఆ క్షణం నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. మా గది నుంచి వీధి తలుపుకి ఎన్ని అడుగులో రెండుసార్లు లెక్కపెట్టాడు. భోజనాల గదిలో ఉన్న నాలుగు బల్లల్లో తలుపు పక్కదానికే మమ్మల్ని తోశాడు. ముద్ద ఎత్తినప్పుడల్లా ఆయన చూపు వంటింటి తలుపు మీదికే పోయేది. అక్క మాత్రం ఆయన నోటినే కనిపెడుతూ తింది. వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని తిన్న ఆ చేప నాకు మూడు రోజులు అరగలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క స్నానానికెళ్ళగానే బావ గడ్డం బ్రష్షు, సబ్బు, చిన్న మగ్గు పట్టుకుని బయటికి నడిచాడు. గడ్డం మా గదిలో గీసుకుంటే పోయేదానికి ఈ ప్రయాణమేమిటని వెనకే వెళ్ళాను. తిన్నగా వంటింట్లో దూరాడు. అక్కడెవరూ లేరు. సముద్రపు గాలికి పొయ్యి ఆరిపోతుందని కిటికీ బిగించి ఉంది. దండేల మీద ఎండుచేపలు వేలాడుతున్నాయి. వాటి కంపు ముందు ఇంకే వాసనా నిలవదు.

"బావా, మాటిచ్చావు!"

"వాసనన్నానా? నోరు విప్పానా?" అంటూ గట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, సబ్బు బాగా నురగ తీసి, సిలిండరు గొట్టానికి పూయడం మొదలుపెట్టాడు. లీకుంటే నురగలో బుడగ లేస్తుంది. వాళ్ళ కంపెనీ పద్ధతి అది.

గొట్టం పొయ్యిని కలిసే చోట నురగ ఉబ్బింది. ఒక బుడగ పగిలింది, ఇంకోటి లేచింది.

సరిగ్గా అప్పుడే హోటలావిడ పాలగిన్నెతో వచ్చింది. బావ వంగి ఉన్నాడు, చేతిలో బ్రష్షు, చెంప మీద నురగ.

"ఓరి దేవుడో! నా వంటింట్లో గడ్డం గీసుకుంటున్నాడు!" అని హోటలు మొత్తానికి వినపడేలా అరిచింది. అరుస్తూనే గిన్నె పొయ్యి మీద పెట్టి అగ్గిపెట్టె తీసింది.

బావ నోరు తెరిచాడు. అక్కకిచ్చిన మాట గుర్తొచ్చి మళ్ళీ మూసేశాడు. ఆవిడ పుల్ల బయటికి తీసింది. బావ ఒక్క దూకు దూకి పెట్టెనీ పుల్లనీ లాక్కుని, మగ్గు నీళ్ళలో ముంచేశాడు.

"అమ్మా, కిటికీ తెరవండి! గ్యాస్!"

అక్క తడి జుట్టుతో వచ్చి తలుపులో నిలబడింది. ఆ చివరి మాటొక్కటే ఆమె చెవిన పడింది. గిర్రున తిరిగి గదికెళ్ళి సంచి సర్దుకోసాగింది.

బావ ఆమె వెనక పరిగెత్తలేదు. సిలిండరు కట్టేశాడు, కిటికీలన్నీ తెరిపించాడు, గొట్టం చివర పగిలిన రెండంగుళాలూ కోసి మళ్ళీ బిగించాడు. మళ్ళీ నురగ పూసి బుడగ రాలేదని మూడుసార్లు చూసుకున్నాకే పొయ్యి వెలిగించమన్నాడు. అక్క సంచి పట్టుకుని వచ్చేసరికి హోటలావిడ కోసిన గొట్టం ముక్కని బల్లబల్లకీ తిప్పి చూపిస్తోంది.

"ఏం ముక్కమ్మా మీ ఆయనది! అన్ని ఎండుచేపల మధ్య పసిగట్టాడు! కూర్చో, టీ తాగి వెళ్దువుగాని."

ఆవిడ ఆ ముక్కుని పొగడడంలో పడి పాలు మాడబెట్టింది. అవే పాలతో టీ తెచ్చి పెట్టింది. కప్పు దగ్గరికి తెస్తేనే మాడు కంపు కొట్టింది, నేను పక్కకి జరిపేశాను. బావ సగం కప్పు గుటుక్కున తాగి, "దివ్యంగా ఉందమ్మా" అన్నాడు.

అక్క తన కప్పు వాసన చూసి దించేసి, ఆయన వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళయింది?" అంది మెల్లిగా.

బావ తల దించుకున్నాడు. "చలికాలం జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి. ఏ వాసనా తెలీడం లేదే. ఎక్కడ లీకవుతోందో, ఎక్కడ లేదో..."

మూడు హోటళ్ళు ఎందుకు మారామో అప్పుడు నా బుర్రకెక్కింది.

అక్క సంచి బల్ల కిందికి తోసింది. "ఇకనుంచి ఏ గదిలోనైనా ముందు నేను వాసన చూస్తాను, తర్వాత మీరు సబ్బు రాయండి. ఆ తర్వాతే భోజనం." హోటలావిడ వైపు తిరిగి, "అవునమ్మా, ఆయన ముక్కంటే ముక్కే" అంది. తన కప్పులో టీ కూడా చుక్క మిగల్చకుండా తాగింది. ఆ ఆరు రోజులూ అక్కడే ఉన్నాం.

ఇదంతా రాసి బావకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంతా కట్టుకథ. నా ముక్కు భేషుగ్గా ఉంది. అయినా మేమసలు సముద్రానికే వెళ్ళలేదురా. కావాలంటే మీ అక్కనడుగు."

అడిగాను.

"ఏ సముద్రం?" అంది అక్క.