గిట్టదు తాతా!

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొసరు లేని బేరాన్ని బేరమే అనేవాళ్లు కాదు. బోధన్‌లో మా తాతది బెల్లం దుకాణం. ఆయన అరటిపళ్లు కొంటే కొసరు పండు అక్కడే ఒలుచుకుని తినేవాడు. ఆ రక్తమే నాదీ. ఈ వయసులోనూ కూరగాయలతో పాటు కరివేపాకు రెబ్బ ఊరికే రాకపోతే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇప్పుడు నిజామాబాద్‌లో కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకు సలహాలు చెప్పడం నా పని. చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. వచ్చినవాళ్లకు వినే ఓపిక ఇంకా ఉంటుంది, చెప్పే ఓపికే నాకు ఉండడం లేదు. అలాంటి సాయంత్రాల్లో బోధన్‌లో మా పక్కింటి అక్క గుర్తుకొస్తుంది.

అక్క భర్త చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. సీజన్ అయిపోతే పనుండదు. ఆ ఏడు అక్క ఫ్యాక్టరీ దారిలో, చెరుకు బండ్లు బారులు తీరే చోట, జొన్నరొట్టెల పొయ్యి పెట్టింది. ఫ్యాక్టరీ ఆగేలోపు నాలుగు రాళ్లు వెనకేసుకుంటే వానాకాలం గడుస్తుందని ఆమె ఆశ. నడవకపోతే కోటగిరికి, ఆమె తల్లిగారి ఊరికి, నాట్ల కూలికి పోదామని భర్త ముందే తేల్చేశాడు. ఎట్లా నడపాలో చెప్పమని ఆమె మా తాతను అడిగింది. ఆయన సలహా ఏమీ చెప్పలేదు. "పొయ్యి ముట్టియ్యి బిడ్డా, బోణి నేనే చేస్త" అన్నాడు, అంతే.

మరునాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. రొట్టె తీసుకున్నాడు, ఎల్లిపాయ కారం వేయించుకున్నాడు, "బోణి బేరమాయె, కొసరు ఇంకోటెయ్యి" అన్నాడు. బోణీకి వచ్చినవాణ్ణి ఎట్లా కాదంటుంది? వేసింది. రోజూ అదే వరస. ఆయన్ని చూసి బండ్లవాళ్లూ కొసరు అడగసాగారు. అక్క అందరికీ నవ్వుతూ వేసేది. బండ్ల వరస సగం కూడా కదలకముందే పిండి గిన్నె ఖాళీ అయ్యేది. నేను మాత్రం మా తాత బేరం చూసి గర్వంతో ఉబ్బిపోయేదాన్ని.

ఒకరోజు భర్త వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు. ఇక చాలు, ఫ్యాక్టరీ ఆగగానే కోటగిరి బస్సెక్కుదాం అన్నాడు. అప్పుడే తాత, ఏమీ ఎరగనట్టు, కొసరు కోసం చెయ్యి చాపాడు.

"గిట్టదు తాతా" అంది అక్క, రొట్టె తడుతూనే.

"బోణి బేరం తిప్పి పంపుతవా?"

"నువ్వు కాకుంటె ఇంకొకలు చేస్తరు. తింటె తిను, లేకుంటె జరుగు, ఎనక బండ్లున్నయి."

బండ్లవాళ్లు గొల్లుమన్నారు. తాత రొట్టె అక్కడే పెట్టేసి లేచి వచ్చేశాడు. నాకు ఏడుపొచ్చింది. సందు మలుపు తిరిగాక చూస్తే ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

"దుకాణం గియ్యాల పెట్టింది పిల్లా" అన్నాడు.

మరి ఇన్నాళ్లూ తిన్న కొసరు రొట్టెల సంగతేమిటని అడిగాను. "గదే నా ఫీజు" అన్నాడు. తర్వాత, అడిగినంత ఇచ్చి రొట్టెలు తెమ్మని నన్నే పంపాడు. నేను నోరు తెరవకముందే అక్క "నీక్కూడ గిట్టదు" అంది. ఆ వానాకాలం వాళ్లు కోటగిరి పోలేదు.

ఆ ఒక్క మాట నేర్పితే వచ్చేది కాదని తాతకు తెలుసు. అందుకే నేనూ నా దగ్గరికి వచ్చినవాళ్లను ముందు కొసరు అడుగుతాను. మొన్న డిచ్‌పల్లి నుంచి కేకులు చేసే అమ్మాయి వచ్చింది. నాకెంత తగ్గిస్తావు అంటే, "మీకైతే ఊకెనే ఇస్త మేడం" అంది. నిట్టూర్చి మళ్లీ రమ్మన్నాను. మళ్లీ వస్తుంది, మళ్లీ అడుగుతాను. తాతలా రోజూ వాళ్ల పొయ్యి దగ్గర నిలబడే ఓపిక నాకు లేదు. కానీ ఎవరైనా బల్లకు అటువైపు కూర్చుని, నా మొహం చూసి కూడా "గిట్టదు మేడం" అన్నారంటే, ఆ సాయంత్రం మాత్రం ఆటో అతను అడిగినంత ఇచ్చి ఇంటికొస్తాను.