మా అత్తయ్య చదివిన ఆట

మా అత్తయ్య కికునో మీద నాకు ఇరవై ఏళ్ళపాటు కోపం ఉండేది. దాచుకోవడమెందుకు, ఉండేది. ఒసాకాలో కిజు నది పక్క సందులో మాది చిదోరి స్నానశాల. మధ్యాహ్నం మూడింటికి గుమ్మానికి తెర వేలాడదీస్తే జనం మొదలు. ఆడవాళ్ళ వైపూ మగవాళ్ళ వైపూ రెండూ కనబడేలా మధ్యలో ఎత్తుగా కట్టిన గల్లా మీద అత్తయ్య కూర్చునేది. ఎవరి వీపు మీద పుట్టుమచ్చ ఉందో, ఏ అత్తాకోడళ్ళకు మాటలు లేవో ఆమెకు తెలియనిది లేదు. నేను రాసిపెట్టిన చీటీ మాత్రం ఆ కళ్ళకు ఎన్నడూ ఆనేది కాదు.

సబ్బులవాడు వస్తే నాలుగు పెట్టెలు దింపించమని చీటీ రాసి గల్లా మీద పెట్టి బజారుకు వెళ్తానా, తిరిగొచ్చేసరికి సబ్బులూ ఉండవు, చీటీ పెట్టినచోటే ఉంటుంది.

"చూడలేదా అత్తయ్యా?"

"చీటీలేమిటమ్మాయ్, ఆఫీసులా? నోరు లేదా నీకు? నా కళ్ళజోడు పైన ఉండిపోయింది."

ఆ కళ్ళజోడు ఎప్పుడు చూసినా పైనే ఉండేది. మా వీధిలో ఇంటింటికీ తిరిగే కబుర్ల అట్ట ఒకటుంది. అందులో పెట్టిన కాగితం చదివి, మన గడిలో ఇంటి ముద్ర వేసి పక్కింటికి అందించాలి. అత్తయ్య టక్కున ముద్ర కొట్టి, ఊపిరి తీసుకునే లోపే పక్కనున్న తోఫు కొట్టుకు చేర్చేసేది. ఒకసారి అలాగే శనివారం మధ్యాహ్నం నుంచి మా వీధికి నీళ్ళు రావన్న కబురు మా ముద్రతోనే దాటిపోయింది. మూడింటికి ఒంటికి తువ్వాలు చుట్టుకున్న జనం, కొళాయిలో గాలి. ఆరోజు నేను ఏడ్చినంత పని చేశాను. అత్తయ్య నా మీదే విరుచుకుపడింది. ఈవిడకు నేనంటే లెక్కలేదని, నా చేతిరాత చూడటం కూడా నామోషీ అని గట్టిగా నమ్మాను.

తొంభై ఒకటో సంవత్సరం వానల్లో ఆమె తడి పలకల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు పిండికట్టు. అప్పటికి ఆమెకు అరవై అయిదు. గల్లా మీదికి నేనెక్కాను. పొద్దున్నంతా మేడ మీద మంచానపడి ఆమె నన్ను పీల్చి పిప్పి చేసింది. "తమయో, కిటికీ తియ్యి. తమయో, కిటికీ ముయ్యి. ఆ ఆవు ముఖంవాడు నిన్న స్నానానికొచ్చాడా?" తల ప్రాణం తోకకొచ్చి మా ఆయన యసుహికోతో మొరపెట్టుకుంటే, ఆయన మా అమ్మాయి చిహారు గదిలోంచి పాత గేమ్ మెషీన్ తెచ్చి టీవీకి తగిలించాడు. చిహారు ఆ ఏప్రిల్‌లోనే చదువుకోసం క్యోటో వెళ్ళింది. మెషీన్‌లో ఉన్న ఆట ఆరేళ్ళ కిందటిది. పేరు ఏడు బావుల దేశం. దేశంలో బావులన్నీ ఎండిపోతాయి, ఒక మనిషి కత్తి పట్టుకుని ఊరూరా తిరిగి అడిగి తెలుసుకుని వాటిలో మళ్ళీ నీళ్ళు ఊరేలా చెయ్యాలి.

మొదటి తెర మీద ఆట ఆమె పేరడిగింది. నాలుగు అక్షరాలకు మించకూడదు. బాణం బొత్తాం నొక్కుకుంటూ వెతికి, ఒక్కొక్కటీ పెట్టింది. కి. కు. నో. పెట్టి చాలాసేపు దానివంకే చూస్తూ కూర్చుంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏం లేదు. బాగుంది."

ఇక మొదలైంది. అందులో మనిషి ఎవరి ఇంట్లోకైనా తలుపు తట్టకుండా దూరిపోవచ్చు. అత్తయ్యకు అది బొత్తిగా మింగుడుపడలేదు. ఒక్కో గడప దాటినప్పుడల్లా టీవీ ముందు తల వంచి, "అడక్కుండా వచ్చాం, ఏమనుకోకండి" అనేది.

"చెప్పులు విప్పాడా వీడు?"

"ఆటలో చెప్పులుండవత్తయ్యా."

"చాపల మీద ఆ బురదకాళ్ళా! ఛీ!"

ఇళ్ళలో పెట్టెలు తెరిచి మందులూ మాకులూ తీసుకోవాలి, అదే ఆట పద్ధతి అని మా ఆయన చెప్తే ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. "నలభై ఏళ్ళు ఊరివాళ్ళ గుడ్డల బుట్టలకు కాపలా కాశాన్రా. ఒకరి జేబురుమాలు పోనివ్వలేదు. ఇప్పుడు దొంగతనం నేర్పుతావా?" ఏ పెట్టెనూ ముట్టలేదు. దాంతో ఆ మనిషి మందు లేక, కవచం లేక, ఊరి బయట కప్పల చేతిలోనే పదిసార్లు చచ్చాడు. ఆటలో ఊరివాళ్ళను ఎన్నిసార్లు పలకరించినా ఒకే మాట చెప్తారు. వాళ్ళతో కూడా ఆమె మర్యాదగానే ఉండేది. "ఇందాకే చెప్పావు నాయనా, గుర్తుంది" అని.

ఇవన్నీ ఆమె పైకే చదివేది. పెదవులు కదుపుతూ, తెర మీద వేలు పెట్టి, మెల్లగా, ఒక్క ముక్క వదలకుండా. నేను మెట్ల మీద తుడుస్తూ వినేదాన్ని. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఈవిడ చదవగలదే, నా చీటీలకే వచ్చిందా మాయరోగం అని ఒళ్ళు మండింది.

మూడో బావి దగ్గర ఆమె ఆగిపోయింది. వారమైనా దారి దొరకలేదు. చిహారు చిన్నప్పుడు ఆ ఆట కిటుకులన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. వెతికి తెచ్చి దుప్పటి మీద పెట్టాను. రెండు రోజులు గడిచినా అత్తయ్య అదే బావి చుట్టూ తిరుగుతోంది. పుస్తకం తెరిచి చూశాను. మూడో బావి సంగతి మొదటి పేజీలోనే ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, ముత్యాల్లాంటి కాంజీలు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ పాత ఆటల్లో కాంజీలకు చోటు చాలదు. మాటలన్నీ కనాలోనే ఉంటాయి, పలికే ధ్వనికి ఒక అక్షరం, యాభై వస్తే చాలు, పసిపిల్లలు కూడా చదువుతారు. కాంజీలు అలా కాదు, మాటకో బొమ్మ, ఏళ్ళ తరబడి బడిలో కూర్చుని వందలకొద్దీ దిద్దాలి. చీటీలు, కబుర్ల అట్ట, ఎప్పుడూ పైనుండే కళ్ళజోడు, వార్డు ఆఫీసుకు వెళ్ళిన ప్రతిసారీ వేలికి గుడ్డ చుట్టుకుని "చెయ్యి తెగింది, మీరే రాద్దురూ" అనడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి నేను చూడలేదు. సిగ్గేసింది నాకు.

ఆమె నోటో తీరంలో పుట్టింది. తొమ్మిదో ఏట ఒక షావుకారు బిడ్డను ఎత్తుకోవడానికి కుదిరింది. అంతకుముందు చదువుకున్నది రెండేళ్ళే. చనిపోయిన మా మామయ్యకు మాత్రం సంగతి తెలిసే ఉండాలి, బతికున్నంతకాలం కాగితాలన్నీ ఆయనే చూసేవాడు. కొడుక్కూ కూతురికీ తెలియదు. తెలియకుండా ఉంచడానికే ఆమె బతుకంతా కాపలా కాసింది. మనుమరాలు యూనివర్సిటీకి వెళ్ళిన ఇంట్లో ఆ ముక్క బయటపడితే తన పరువు పోతుందని ఆమె భయం.

మర్నాడు స్నానశాల తెరిచే లోపు కూర్చుని నోటు పుస్తకం మొత్తం కనాలోకి ఎత్తి రాశాను. పాతదాన్ని తీసేసి, కొత్తది అదే చోట పెట్టాను. సాయంత్రం మూడో బావి ఊరింది. అన్నం పెడుతుంటే అత్తయ్య నావైపు చూడకుండా, "చిహారు చేతిరాత ఈమధ్య బాగుపడిందే" అంది.

"క్యోటో నీళ్ళు పడ్డట్టున్నాయి" అన్నాను.

అంతే. ఇద్దరం మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు నుంచి నా చీటీలన్నీ కనాలోనే రాశాను. సబ్బులు వేళకు వచ్చాయి.

ఏడో బావి ఊరిన రోజు ఆమె నాకు కబురు పెట్టింది. గల్లా వదిలి పరుగెత్తాను. తెర మీద చివరి మాటలు పైకి చదివి, "అయిపోయిందా?" అని అడిగింది. "మొదటినుంచి చివరిదాకా చదివినట్టేనా?" అవునన్నాను. ఆ ఆటను ఇంకే దేశంవాళ్ళ భాషలోకీ మార్చలేదని చిహారు ఫోన్‌లో చెప్తే, "పోనీలే, మనకోసమే చేశారన్నమాట" అని మురిసిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పిండికట్టు విప్పిన మరుసటి సోమవారం స్నానశాలకు సెలవు. మా ఆడపడుచు నోబుకో సుషీ పళ్ళేలు మోసుకుని మధ్యాహ్నానికల్లా దిగింది. భోజనాల మధ్యలో మా ఆయన బల్ల కింద నుంచి రంగు కాగితం చుట్టిన పెద్ద పెట్టె తీశాడు. కొత్త గేమ్ మెషీన్, ఆ ఏడాదే వచ్చిన ఆట. నాకూ చెప్పలేదు మహానుభావుడు.

"ఆ పాతదేముందమ్మా, పసిపిల్లల బొమ్మలు! ఇది చూడు, సినిమాలా ఉంటుంది."

అప్పటికప్పుడు తగిలించాడు. సంగీతం మోగింది, కోట కనిపించింది, మాటలు వచ్చాయి. తెర నిండా కాంజీలు.

"పైకి చదువమ్మా" అన్నాడు మా ఆయన. "తమయో చెప్పింది, నువ్వు చదువుతుంటే కథ విన్నట్టుంటుందట. అక్క కూడా వింటుంది."

"కానివ్వమ్మా, నీ గొంతున కథ విని ఎన్నాళ్ళయిందో" అంది నోబుకో.

అత్తయ్య బొత్తాల పలక పట్టుకుని కూర్చుంది. నేను లేచాను. "అత్తయ్యా, కళ్ళజోడు పైన ఉండిపోయినట్టుంది, తెస్తాను."

"కూర్చో తమయో. ముక్కు మీదే ఉంది, కనబడటం లేదా?" అంది. ఇంకెవరినీ చూడకుండా తెరవైపే చూస్తూ అంది, "నాకీ అక్షరాలు రావు. ఇప్పుడు కాదు, ఎప్పుడూ రావు. ఒక్కటి కూడా."

మా ఆయన నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వలేదు. నోబుకో సుషీ తింటున్న పుల్లలు బల్ల మీద పెట్టేసింది.

"నిజమా?" అన్నాడు.

"నిజం. బతికినన్నాళ్ళూ బొంకాను. ఆరు వారాలు ఆ పిచ్చి ఆట చదివాక ఇంక బొంకబుద్ధి కావడం లేదు."

ఆయన తల్లివైపు తిరిగాడు. "అయితే అమ్మా, నా బడి రిపోర్టులు? నాన్న వీపు చీరేస్తాడని నీ దగ్గరికే తెచ్చేవాణ్ణి కదా. నేనే చదివి వినిపించేవాణ్ణి. నువ్వు ముద్ర వేసేదానివి. నీకంతా తెలిసే, పోనీలే అని ఊరుకుంటున్నావనుకున్నానే!"

"తెలియడమేమిటి?"

నాకు అర్థమైంది. యసుహికో తరగతిలో అందరికంటే నెమ్మదస్తుడని, పెద్దయ్యాక గొప్పవాడవుతాడని మాస్టారు స్వయంగా రాశారన్న మాట మా స్నానశాలలో వినని మనిషి లేడు. పెళ్ళిచూపుల్లో నాకు కూడా చెప్పింది.

"అంటే, మాస్టారు అలా రాయలేదా?" అంది అత్తయ్య.

"లేదమ్మా."

"మరేం రాశాడు?"

"వదిలెయ్, ముప్పై నాలుగేళ్ళ నాటి మాట."

"ఏం రాశాడురా?"

ఆయన చాపవైపు చూస్తూ చెప్పాడు. "కుదురుగా ఉండడు, కొట్లాడతాడు, ఒకసారి తల్లిగారు బడికి వచ్చి మాట్లాడితే మంచిది అని. మూడుసార్లు రాశారు. చివరిసారి కింద గీత గీసి మరీ రాశారు."

"మూడుసార్లు పిలిచాడు" అంది అత్తయ్య. "ముద్ర కొట్టి పంపాను, వెళ్ళలేదు. కన్నబిడ్డను పట్టించుకోని ఆడది అనుకుని ఉంటాడు కదా ఆ మాస్టారు. పిలిచారని తెలిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేదాన్ని కదరా."

నలభై రెండేళ్ళ మా ఆయన పిల్లాడిలా ఏడ్చాడు. నోబుకో లేచి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. నాకు ఎవరివైపు చూడాలో తోచలేదు. సుషీ పళ్ళేల మీద మూత పెట్టాను.

అత్తయ్య బొత్తాల పలక చేతిలోనే ఉంచుకుని కొడుకును పక్కకు పిలిచింది. "ఇటు జరుగు. చదువు. నువ్వు చదివితే నేను నడిపిస్తా. ఉన్నది ఉన్నట్టు చదవాలి."

ఆయన ముక్కు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. కోట కాపలావాడు ఏదో అంటున్నాడు. ఒక్క వాక్యం అయ్యేసరికి ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అలాగే ఉందా?"

"అలాగే ఉందమ్మా."

"నీ సొంతం ఏమీ కలపలేదు కదా?"

"లేదమ్మా. ఒట్టు."

ఆమె నావైపు తిరిగింది. నేను లేచి వెళ్ళి తెర ముందు కూర్చుని ఒక్కో అక్షరం చూసి, అవునన్నట్టు తల ఊపాను. అప్పుడు గానీ తర్వాతి వాక్యానికి వెళ్ళనివ్వలేదు.