గుట్ట కట్టిన నాలుగు నెలలు

మా వదినకు చదువు రాదు. నాకు చదువు తప్ప ఇంకొకటి రాదు. మిర్యాలగూడలో సర్కారు బడిలో తెలుగు చెబుతాను. పుట్టింట్లో ఎవరికి ఏ కాగితం కావాలన్నా రాసిపెట్టేది నేనే. పింఛను కావాలన్నా, కరెంటు మీటరు మార్చాలన్నా, గొర్రెల బీమా అడగాలన్నా నాకే ఫోను వచ్చేది. మా పంతులమ్మ రాస్తే కాని పని లేదని వదిన ఊరంతా చెప్పుకునేది. వినగా వినగా ఆ మాట నాకూ తలకెక్కింది. ఇప్పుడు నా చేతిరాత చూస్తే నాకే అసహ్యం వేస్తుంది.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. అన్నా వదినల ఊరు కోదాడకు దిగువన, కృష్ణ ఒడ్డున ఉంది. ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి తన్నినప్పుడు పాత ఊరు మునిగింది. ఊరి వెనకాల గుట్ట మాత్రం నడుం దాకా మునిగి, తల పైకి పెట్టుకుని నిలిచింది. నీళ్ళు నిండుగా ఉన్నన్నాళ్ళూ అది దీవే. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఒక పక్క సన్నటి నేల బయటపడుతుంది, దాని మీదుగా మంద నడిచి పోతుంది. తాతల నాటి నుంచి మా గొర్రెలు మేసిన గుట్టే అయినా, కాగితాల ప్రకారం అది ప్రాజెక్టు భూమి.

మావాళ్ళకు ఒక ఆచారం ఉంది. మృగశిర కార్తె రాగానే గుట్టకు పోయే దారికి అడ్డంగా తాడు కట్టి, దానికి వేపమండ వేలాడదీస్తారు. దీన్ని గుట్ట కట్టుడు అంటారు. మళ్ళీ దసరా వెళ్ళాక ఆ మండ విప్పేదాకా మంద సంగతి అటుంచి, మనిషి కూడా అటు పోడు. ఆ నాలుగు నెలల్లో గడ్డి ఎదిగి, గింజ పట్టి, రాలుతుంది. కౌజు పిట్టలు, తీతువులు నేల మీదే గుడ్లు పెట్టి పిల్లలను లేపుకుంటాయి. పాత దారి నీళ్ళలో పోయాక మావాళ్ళు ఆచారం మానుకోలేదు, ఒడ్డున పుట్టిని, అదే బుట్ట పడవను, కట్టేసే గుంజకే వేపమండ కట్టడం మొదలుపెట్టారు.

కొన్నేళ్ళ కింద కోదాడ పిల్లలెవరో గుట్ట మీద వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. అప్పటి నుంచి ఆదివారం పూట హైవే దిగి కార్లు రావడం మొదలైంది. చేపలు పట్టే ముసలాయన ఒకాయన తన పుట్టిలో జనాన్ని దాటించేవాడు. వచ్చినవాళ్ళు ఆకలి అంటుంటే వదిన గుట్ట మీద ఒక పందిరి వేసి, మూడు రాళ్ళ పొయ్యి పెట్టింది. జొన్న రొట్టె, చేపల పులుసు, మోదుగాకు విస్తరి, కుండలో నీళ్ళు, అంతే ఆమె హోటలు. సీసా నీళ్ళు అమ్మనన్నది. వచ్చినవాళ్ళు తెచ్చుకున్న సీసాలూ కవర్లూ మూట కట్టించి, అదే పుట్టిలో వెనక్కి పంపేది. పిండి అయిపోతే పొయ్యి ఆర్పేసేది. ఇంకా నలుగురు వస్తారంటే వచ్చే ఆదివారం రమ్మనేది. దసరా నుంచి ఎండలు ముదిరేదాకా ఇది సాగేది. మృగశిరకు పందిరి ఆకులు పీకి, పొయ్యి రాళ్ళు బోర్లించి, వేపమండ కట్టి ఇంటికొచ్చేది.

వ్యాపారం ఇట్లాగేనా చేసేది అని నేను ఎగతాళి చేశాను కూడా. వానాకాలం గుట్ట పచ్చగా ఉన్నప్పుడే కదా జనం ఎగబడేది, ఆ నాలుగు నెలలు మూసుకుంటే ఎట్లా అన్నాను. వదిన పిండి తడుపుతూ, నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"గుట్ట గూడ బాలెంత అసొంటిదే పంతులమ్మా. నాలుగు నెలలు దాన్ని ముట్టద్దు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. మంచి మాట కనబడితే దోచుకుపోయే బుద్ధి చదువుకున్నవాళ్ళకు ఉంటుంది.

తరువాతి ఏడు, నీటి ఒడ్డు జాగాలను సర్కారువాళ్ళు విహారానికి ఇస్తారని, అక్కడ ఇప్పటికే చిన్నాచితకా వ్యాపారం చేసుకునేవాళ్ళు అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలని తెలిసింది. అన్న భయపడ్డాడు. కాగితం లేకపోతే పందిరి పీకేస్తారు, ఆ వెనకాలే గొర్రెలను కూడా రానివ్వరు అన్నాడు. వదిన మాత్రం మా పంతులమ్మ ఉన్నదిగా అన్నది. ఆ ఒక్క మాటతో ఇంట్లో అందరి భయమూ పోయింది.

ఒక శనివారం పోయి వాళ్ళ ఇంట్లో కూర్చుని రాశాను. ఒక పేజీ చాలేది, మూడు పేజీలు రాశాను. ప్రకృతి, పర్యావరణం, రాబోయే తరాలు, ఏదీ వదల్లేదు. ఇక గుట్ట కట్టుడు గురించి రాస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. ఏటా నాలుగు నెలలు ఈ దీవి మీద ఎవ్వరమూ కాలు పెట్టము, దానిని పూర్తిగా ఖాళీగా వదిలివేస్తాము అని రాసి, దాని కింద వదిన చెప్పిన బాలెంత మాటను కొంచెం చదువుకున్న భాషలోకి మార్చి పెట్టాను. వదిన పొయ్యి దగ్గర నుంచే జర సదివి వినిపియ్యి అన్నది. సూర్యాపేట బస్సుకు టైమయింది. మంచిగనే రాసిన వదినా, వేలుముద్ర వెయ్యి అన్నాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి వేసింది. చదివి వినిపించి ఉంటే ఆ ఖాళీ అన్న మాట దగ్గర ఆమె తప్పకుండా ఆపేది. అది ఖాళీ కాదని ఆమెకు తెలుసు. గడ్డీ పిట్టలూ ఉన్నచోటును ఖాళీ అని రాయడానికి నావంటి చదువరి కావాలి.

మునగాల దాటేదాకా బస్సులో ఆ మూడు పేజీలను నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

దరఖాస్తులు తీసుకునే సూర్యాపేట ఆఫీసులో సారు చాలా మర్యాదస్తుడు. కూర్చోమని చాయ్ తెప్పించాడు. ఓపికగా చదివాడు. అయితే నాలుగు నెలలు మీవాళ్ళెవరూ అక్కడ ఉండరన్నమాట, ఏ పనీ జరగదన్నమాట అని అడిగాడు. ఉండరు సార్, తరతరాల నుంచి అదే మా నియమం అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆయన పెన్ను తీసి ఆ వాక్యం కింద గీత గీశాడు. పిల్లల నోటుబుక్కుల్లో మంచి వాక్యం కనబడితే కింద గీత గీయడం నా అలవాటు. ఆయన గీసిందీ అదే గీత అనుకున్నాను. ఇరవై ఏళ్ళు బడిలో గడిపితే ఆడమనిషికి వచ్చే తెలివి ఇంతే.

ఎండాకాలం చివర్లో జవాబు వచ్చింది. అది నా బడి అడ్రసుకే వచ్చింది. ఏటా నాలుగు నెలలు సదరు స్థలం నిరుపయోగంగా ఉంటున్నట్లు దరఖాస్తుదారే అంగీకరించినందున, ఏడాది పొడవునా నడపగలవారికి ఇచ్చామని అందులో ఉంది. స్థానికులకు ఉపాధి కల్పించాలన్న షరతు పెట్టామని కూడా ఉంది. స్టాఫ్ రూములో నిలబడి దాన్ని నాలుగుసార్లు చదివాను. వదినకు ఫోను చేసి, పైసలున్నోడు ఎవడో తన్నుకుపోయిండు, మనదేం నడవలేదు అని చెప్పాను. పోనీ తియ్యి, నువ్వు మాత్రం ఏం జేస్తవ్ అని ఆమే నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పును కిక్కురుమనకుండా తీసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో చీరల కింద ఉంది.

గుట్టను పట్టుకున్నవాడు పట్నంలో టెంట్ల వ్యాపారి. సరిగ్గా మృగశిర పడ్డాక పని మొదలుపెట్టాడు. గడ్డిని మిషను పెట్టి కోయించాడు, చదును చేయించాడు, సిమెంటు దిమ్మెలు పోయించాడు. కొన్నాళ్ళు తీతువులు కూలీల తలల మీద తిరుగుతూ అరిచాయట. ఆ తర్వాత అరుపులు లేవు. పెంట వాసన వస్తుందని గొర్రెలను వద్దన్నారు. మేపు లేక అన్న సగం మందను అమ్ముకున్నాడు. ఉపాధి షరతు మాత్రం ముచ్చటగా తీర్చారు. పుట్టి ముసలాయనను మోటరు పడవలో తాడు పట్టుకునే పనికి పెట్టారు. వదినను పల్లె వంట అనే పాకలో రొట్టెలు కొట్టే పనికి పెట్టి, ఒక ఎర్రంచు చీర ఇచ్చారు. వచ్చినవాళ్ళు రొట్టె కన్నా ముందు ఆమె ఫోటో తీసుకుంటారు.

పోకుండా ఏడాదికి పైగా తప్పించుకున్నాను. చివరికి పోయిన శ్రావణంలో అన్న బలవంతం మీద పోయాను. పడవ దగ్గర ముసలాయన నన్ను గుర్తుపట్టి, "లైఫ్ జాకెట్టు వేసుకోండమ్మా, ఇప్పుడిది మన పుట్టి కాదు" అన్నాడు. నీళ్ళ మీద సీసాలు తేలుతున్నాయి. ఒడ్డున జెనరేటరు మోగుతోంది. ఒక మూల గొర్రెపిల్లను కట్టేశారు, పిల్లలు ఎత్తుకుని ఫోటో దిగడానికి. గడ్డి ఉన్న చోట పచ్చటి ప్లాస్టిక్ చాప పరిచారు. అది గుట్ట కట్టి ఉండాల్సిన నెల.

వదిన నన్ను చూసి చేతుల నిండా పిండితోనే బయటికి వచ్చింది. మనిషి చిక్కింది. పాక పక్కనే చెక్క మీద చెక్కించిన పెద్ద బోర్డు ఉంది. వచ్చినోళ్ళంతా దీని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు, నెలల నుంచి చూస్తున్నాను, ఎవరినైనా అడుగుదామంటే సిగ్గయిందని చెప్పింది.

"ఏం రాసిన్రు పంతులమ్మా? జర సదివి సెప్పు."

చూడగానే నాకు తెలిసిపోయింది. చదవడం రాదని చెప్పే వీలు ఆ దీవి మీద నాకొక్కదానికే లేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. బస్సుకు టైమయిందనీ అనొచ్చు, ఆ పని ఒకసారి చేసినదాన్నే. కానీ ఆమె ఎదురుగా నిలబడి ఎదురుచూస్తోంది. చదివాను. గుట్ట కూడా బాలింత వంటిది, నాలుగు నెలలు దానిని ముట్టరాదు, ఇది ఈ దీవి బిడ్డల విశ్వాసం, ప్రకృతిని ప్రేమిద్దాం. మొదటి వాక్యం నేను రాసింది రాసినట్టే ఉంది. ఒక్క అక్షరం మార్చలేదు.

వదిన ముఖం ఒక్క క్షణం వెలిగింది. తన మాట తనకు వినబడింది కదా. తర్వాత ఆ వెలుగు మెల్లగా పోయింది. బోర్డును చూసింది, జెనరేటరు వైపు చూసింది, నన్ను చూసింది.

"గిది నా మాటే గదా. నేను నీకొక్కదానికే గదా సెప్పింది. ఈళ్ళకెట్ల ఎరుకైంది?"

"నేనే రాసిచ్చిన వదినా. దరఖాస్తుల," అన్నాను. దాంతో ఆపలేదు. ఖాళీగా వదిలేస్తామని రాశానని, ఆ మాట పట్టుకునే గుట్టను వాళ్ళకిచ్చారని, ఆ కాగితం నా బీరువాలో ఉందని చెప్పేశాను. అంతా చెప్పాక ఆమె తిడుతుందని ఆశపడ్డాను. లోపల ఎవరో రొట్టె కావాలని పిలిస్తే, ఆ ఎర్రంచు చీర కొంగుకు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

నేను అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి వదిన పాక గుమ్మం దాకా వచ్చింది. నా వైపు చూడకుండా, వచ్చినవాళ్ళందరితో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"పడవ పోతది, ఎక్కుండ్రి మేడం."